నైట్రిక్ ఆక్సైడ్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వ్యాసం చదివాను. మొహమాటం లేకుండా చెప్తాను, మొదటి రెండు పేరాలు తీసేయ్. రక్తనాళాల్ని సడలించే ఈ నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అద్భుతమని, గుండెకు వరమని ఎన్నిసార్లు రాసినా చదివేవాళ్లకి ఒక్క కొత్త సంగతీ తెలియదు. అసలు విషయం మూడో పేరాలో ఉంది, అక్కడేమో ‘కణాలు అవసరాన్ని బట్టి దీన్ని విడుదల చేస్తాయి’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నువ్వు ఆగాల్సింది అక్కడే. అవసరం వచ్చిందని కణానికి ఎలా తెలిసింది, తెలిశాక ఏం చేసింది, మితిమీరకుండా ఏది ఆపింది? వ్యాసమంతా ఇదే కావాలి.

కుళాయి పోలిక కూడా వద్దు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయంటే వెనక ట్యాంకులో ఉన్నాయి కాబట్టి. రక్తనాళం లోపలి గోడకి ఒకే వరసలో పరుచుకుని ఉండే ఈ ఎండోథీలియం కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ని అలా నింపి పెట్టుకోలేవు. అది చిన్న వాయువు, కణం పొరని అడ్డే అనుకోదు, కొద్ది సెకన్లలోనే ఖర్చయిపోతుంది, రక్తంలోకి పోయిందంటే ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ పట్టేసుకుంటుంది. కాబట్టి ఎప్పటిదప్పుడు తయారు చేసుకోవాల్సిందే, అదుపు కూడా తయారీ దగ్గరే ఉండాల్సిందే. ఇది ముందే చెప్పేస్తే తర్వాత వచ్చే పేర్లకి పాఠకుడు బెదిరిపోడు. (అన్నట్టు, నవ్వించే వాయువు ఇది కాదు, అది నైట్రస్ ఆక్సైడ్. ఒకచోట రెండూ కలిపేశావు, సరిచెయ్.)

తయారు చేసే ఎంజైమ్ పేరు ఇ-నాస్. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్నీ ఆక్సిజన్‌నీ వాడుకుని నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తుంది, పక్కన సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లం మిగులుతుంది. ఈ ముక్క నువ్వు బాగానే రాశావు. కానీ మామూలు సమయంలో ఆ ఎంజైమ్ ఎక్కడుంటుందో రాయలేదు. కణం పొరలో చిన్న చిన్న గుంటలుంటాయి, అక్కడ కేవియోలిన్ అనే ప్రోటీన్ దాన్ని కదలనీయకుండా పట్టుకుని ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ లాంటి సంకేత రసాయనం వచ్చి కణం మీది గ్రాహకానికి తగిలితే లోపల కాల్షియం పెరుగుతుంది, కాల్షియం పట్టుకున్న కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్ వచ్చి కేవియోలిన్‌ని పక్కకి నెడుతుంది, అప్పుడు పని మొదలు. వీటిని ఇదే వరసలో రాయి, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో విశేషణాలు దూర్చకు.

ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఎక్కువ ఆసక్తి. రక్తం పారుతూ గోడని రాసుకుంటూ పోతుంది కదా, ఆ రాపిడిని కణం పసిగడుతుంది. ప్రవాహం పెరిగితే ఎకెటి అనే మరో ఎంజైమ్ వచ్చి ఇ-నాస్‌లో 1177వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాంతో కాల్షియం తక్కువగా ఉన్నా అది చురుగ్గా పనిచేస్తుంది. అదే ఫాస్ఫేట్ 495వ స్థానంలోని థ్రియోనీన్ మీద ఉంటే మాత్రం పని మందగిస్తుంది. తయారైన వాయువు నాళం గోడలో పక్కనున్న నునుపు కండరంలోకి వెళ్లి సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువుని పెంచుతుంది, కండరం సడలి నాళం వెడల్పవుతుంది, వెడల్పయ్యాక రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గితే తయారీ కూడా తగ్గుతుంది. ‘మితిమీరకుండా’ అన్నదానికి ఒక జవాబు ఇక్కడే దొరికింది, చూశావా?

చెడ్డ సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది పొగడ్త వ్యాసమే అవుతుంది. ఇ-నాస్‌కి టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అనే తోడు కావాలి. అది కరువైతే అదే ఎంజైమ్ నైట్రిక్ ఆక్సైడ్‌కి బదులు సూపర్ఆక్సైడ్ అనే హాని చేసే ఆక్సిజన్ రూపాన్ని తయారు చేస్తుంది. ఆ సూపర్ఆక్సైడ్ ఉన్న కాస్త నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్ అవుతుంది, అది వెళ్లి మిగిలిన తోడుని కూడా పాడు చేస్తుంది. షుగర్, పొగతాగడం రక్తనాళాల్ని దెబ్బతీస్తాయని అందరూ రాస్తారు, దెబ్బ తగిలే దారుల్లో ఇదొకటని చూపిస్తే నీ వ్యాసం నిలబడుతుంది.

చరిత్ర దగ్గర నోబెల్‌తో మొదలుపెట్టావు. 1998లో ఈ వాయువు మీద పనిచేసిన శాస్త్రవేత్తలు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి వచ్చిందన్నది ఒక్క వాక్యం చాలు. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్జ్‌కీ ప్రచురించిన ప్రయోగం మాత్రం తీరిగ్గా చెప్పు. కుందేలు బృహద్ధమని ముక్కకి ఎసిటైల్‌కోలిన్ తగిలిస్తే సడలుతుంది, లోపలి పొర, అంటే ఆ ఎండోథీలియం, రుద్దుకుపోయిన ముక్క మాత్రం సడలదు. వాళ్లు పొర లేని ముక్కని, పొర ఉన్న ఇంకో ముక్కకి ఎదురెదురుగా ఆనించి పెట్టారు, అప్పుడు పొర లేనిది కూడా సడలింది. అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏదో వెళుతోంది! అది నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి గాని తేలలేదు. ఆ ఏడేళ్ల సస్పెన్స్ చేతిలో పెట్టుకుని ముందే జవాబు చెప్పేశావేమయ్యా!

చివర్లో ఆర్జినిన్ మాత్రలు వేసుకోమన్న పేరా కొట్టేయ్. మామూలుగా కణంలో ఆర్జినిన్ ఈ ఎంజైమ్‌కి కావాల్సినదానికన్నా చాలా ఎక్కువే ఉంటుంది, ముడిసరుకు పోస్తే సరుకు పెరుగుతుందనే లెక్క ఇక్కడ అంత తేలిగ్గా కుదరదు. పైగా అదుపంతా ఎంజైమ్ దగ్గరుందని చెప్పిన వ్యాసం చివర్లో మాత్రలు అమ్మితే ఎలా? ఫర్చ్‌గాట్ ప్రయోగాన్ని మొదటికి తెచ్చి, మిగతాది తిరగరాసి పంపు, చూస్తాను.