దివ్యాంగ ఉద్యోగి జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ పోతుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తాను. పోలియోతో కుడికాలు చచ్చుబడింది. 60 శాతం వైకల్యమని సదరం సర్టిఫికెట్ ఉంది. జూన్‌లో జీతం 20,500 నుంచి 23,000 రూపాయలకు పెరిగింది. 21 వేలు దాటింది కనుక ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఆపేశామని, బయట ఆరోగ్య బీమా పాలసీ తీసుకొమ్మని యజమాని అంటున్నారు. కాలికి క్యాలిపర్ (నడవడానికి ఆసరాగా తొడుక్కునే పరికరం) మార్చుకోవాలి. ఏం చేయాలి?

జవాబు: మీ ఈఎస్ఐ ఆపడానికి వీల్లేదు. వేతన పరిమితి 2017 జనవరి 1 నుంచి 21,000 రూపాయలుగా ఉన్నప్పటికీ, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న ఉద్యోగులకు అది 25,000 రూపాయలు; ఈ పరిమితి లెక్కలోకి ఓవర్‌టైమ్ డబ్బు రాదు. అసలు వైకల్యం లేని కార్మికుడినైనా జూన్‌లో తొలగించకూడదు, ఎందుకంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు నడిచే చందా కాలం మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాల్సిందే. ఈ ఆరు నెలల చందాను బట్టే వచ్చే జనవరి నుంచి జూన్ వరకు మీకు ప్రయోజనాలు అందుతాయి. అందుకే ఆలస్యం చేయకండి.

23,000 జీతంపై మీ వాటా 0.75 శాతం, అంటే నెలకు 173 రూపాయలు. 3.25 శాతమైన యజమాని వాటాను మీ జీతంలోంచి కోయడం చట్టవిరుద్ధం. దివ్యాంగులను చేర్చుకున్న ప్రైవేటు యాజమాన్యాల తరఫున ఆ వాటాను మొదటి కొన్నేళ్లపాటు కేంద్రమే భరించే ప్రోత్సాహక పథకం 2008 నుంచి ఉందని కూడా వారికి తెలియజేయండి. ఈ ఒక్క మాటతోనే సమస్య తీరే అవకాశం ఎక్కువ.

బయటి పాలసీకి మాత్రం ఒప్పుకోవద్దు. అలాంటివి చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తాయి. ఈఎస్ఐలో మీకూ మీపై ఆధారపడిన కుటుంబానికీ ఓపీ, మందులు, కృత్రిమ అవయవాలు, సహాయ పరికరాలు ఉంటాయి. చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉంటే, జబ్బుపడి పనికి వెళ్లలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది. రేషన్ కార్డుపై ఎన్టీఆర్ వైద్య సేవలో శస్త్రచికిత్స చేయించుకోవచ్చు గానీ, పోయిన జీతం అక్కడ రాదు. క్యాలిపర్ కోసం ఈఎస్ఐ డిస్పెన్సరీ వైద్యుడి చేత సిఫారసు రాయించుకోండి.

ముందుగా సదరం సర్టిఫికెట్ ప్రతి జతచేసి, మీ వైకల్యాన్ని ఈఎస్ఐ రికార్డులో నమోదు చేసి చందా కొనసాగించాలని యజమానికి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. స్పందన లేకపోతే ఆ నకలు, జీతం స్లిప్పులు జతచేసి విజయవాడలోని ఈఎస్ఐసీ ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి; కట్టని బకాయిలను వడ్డీతో సహా యజమాని నుంచి వసూలు చేసే అధికారం వారికి ఉంది.