కొండ మీది ఊళ్ళను నీటిరంగుల్లో వేసేటప్పుడు

సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఇటలీలోని కొండ మీది ఊరు సాన్ జిమిన్యానోది నువ్వు పంపిన బొమ్మ చూశాను. ఒకప్పుడు అక్కడ 72 బురుజులు ఉండేవంటారు, ఇప్పుడు మిగిలినవి 14. కనబడిన ప్రతిదాన్నీ ఒకే శ్రద్ధతో వేశావు కాబట్టే ఊరు కాస్తా కంచెలా తయారైంది. రెండు మూడింటి మీద ఎండ పడనిచ్చి, మిగతావాటిని బూడిద నీలం వాష్‌లో, అంటే నీళ్ళు కలిపి పల్చగా పరిచే రంగులో, కలిపెయ్యి. చూసేవాళ్ళెవరూ వేలు పెట్టి లెక్కపెట్టరు.

అసలు చిక్కు ఇంకోటుంది. ముందు పచ్చటి కొండ వేసి, అది ఆరాక పైన ఇళ్ళు పెట్టావు. ఆ ఊళ్ళు అలా పుట్టలేదమ్మా. శత్రువులకూ, కింది చిత్తడి నేలల్లోని మలేరియాకూ దడిసి పైకెక్కిన జనం, దగ్గర్లో దొరికిన రాయితోనే కట్టుకున్నారు. అస్సీసీ గోడల్లో కనబడే లేత గులాబీ రంగు పక్కనే ఉన్న సుబాసియో కొండది. పిటిల్యానోలో అయితే గుట్ట ఎక్కడ ఆగిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో దూరం నుంచి చెప్పడం కష్టం. అందుకే మొదటి వాష్ కొండకూ ఊరికీ కలిపి ఒకేసారి వెయ్యి, పల్చటి రా సియెనాతో, అదే ఆ పసుపు గోధుమ రంగుతో. తడి ఆరకముందే కిందివైపు పచ్చ కలుపు. ఎక్కడ అంచు కావాలో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ట్యూబులోంచి వచ్చే పచ్చ మాత్రం ముట్టుకోకు. ఆలివ్ చెట్టు దూరానికి బూడిద రంగులోనే ఉంటుంది.

నీ రెండో బొమ్మలో దిగుడు వీధి ఎక్కుడు వీధిలా వచ్చింది. ఇక్కడ దాదాపు అందరూ తడబడతారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. ముందు నీ కంటి ఎత్తులో కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసుకో. కిటికీలూ చూరులూ మట్టంగా కట్టినవి కాబట్టి, వీధి వెంట సాగే వాటి గీతలు దూరంగా ఆ గీత మీదే కలుస్తాయి. వీధి రాళ్ళు మట్టంగా లేవు కదా, దిగుడు వీధి అంచులు ఆ గీతకు కిందెక్కడో కలుస్తాయి. ఎక్కుడు వీధివి పైన. దిగిపోతున్న మనుషుల తలలు కూడా గీత కిందికి జారుతూ పోతాయి. ఇంకో చిన్న సంగతి: వాలులో ఉన్న ఇంటి గడప మట్టంగానే ఉంటుంది, దాని కింది నేల ఉండదు. అందుకని గుమ్మం ముందు మెట్టు ఒకవైపు మందంగా, ఇంకోవైపు సన్నగా కనబడుతుంది. ఆ ఒక్క మెట్టు సరిగ్గా పడితే వాలు దానంతటదే తెలిసిపోతుంది.

నీడల్లో నలుపు వద్దు. ఇరుకు సందుల్లో నేల మీద పడిన ఎండ మళ్ళీ గోడ నీడలోకి ఎగజిమ్ముతుంది. అందుకే నీడ పైన నీలంగా, కింద వెచ్చగా ఉంటుంది. పైనుంచి అల్ట్రామెరైన్ నీలంతో దిగి, తడిగా ఉండగానే కింద ఎర్రటి గోధుమ రంగు బర్న్ట్ సియెనా వదిలి, చెయ్యి తీసెయ్యి. మళ్ళీ కెలికావంటే బురదే.

ఒర్వియేతో ఊళ్ళోని కెథడ్రల్, అంటే పెద్ద చర్చి, 1290లో మొదలుపెట్టింది. ఆ నలుపు తెలుపు చారలు చూస్తే నీలాంటివాళ్ళకు చేతులు దురద పెడతాయి. నీడ తిరిగే మూల దగ్గర నాలుగు చారలు వేసి వదిలెయ్యి.

సియెనా ఊళ్ళో దిగాక రంగుల పెట్టె తెరవకముందే పలాజ్జో పుబ్లికోకి, అంటే ఆ ఊరి పురపాలక భవనానికి, వెళ్ళు. అక్కడ ఆంబ్రోజో లోరెంజెట్టి అనే చిత్రకారుడు 1338-39లో వేసిన కుడ్యచిత్రం ఉంది. ఊరు, ప్రాకారం, దాటగానే పొలాలు, అన్నీ ఒకే గోడ మీద. లోపలికి రానిస్తుంటే ఒక గంట అక్కడే కూర్చో. ఫోటోలు తర్వాత.

జూన్‌లో అక్కడ పొద్దు దాదాపు తొమ్మిదింటికి గాని గుంకదు. మధ్యాహ్నం వాష్ పరిచేలోపే ఆరిపోతుంది, సాయంత్రం ఆరు దాటాక మొదలుపెట్టు. కాగితం నీడలోనే పెట్టుకో. ఎండలో సరిపోయిందనిపించిన బొమ్మ గదిలోకి తెచ్చాక ముదురుగా కనబడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాటన్ పేపర్ ఇక్కడినుంచే పట్టుకెళ్ళు. జులై 2న పాలియో గుర్రప్పందేలు, ఆ రోజుల్లో సియెనాలో ఈజిల్, అదే బొమ్మ నిలబెట్టే స్టాండు, వేసే చోటు కూడా దొరకదు. అటూ ఇటూ చూసుకుని టికెట్ తీసుకో.

ఇట్లు,
పెదనాన్న