న వత్తు లేని పేరు

అమ్మలూ,

నీ స్నేహితురాలి పుట్టినరోజుకి ఆమె పేరు మిలమిల మెరిసేలా జిఫ్ (కదిలే బొమ్మ) చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని సంబరపడ్డాను. ఫోన్ పెట్టేశాక గుబులు మొదలైంది.

మామూలు సంగతులు ముందు. అక్షరాలు లావుగా ఉండాలి, సన్నగీతల్లో మెరుపు నిలవదు. ఫోటోషాప్‌లో పేరున్న లేయరుకి (పొరకి) మూడు కాపీలు తీసి, రాస్టరైజ్ చేసి (అంటే అక్షరాల్ని మామూలు బొమ్మగా మార్చి), ఒక్కోదానికీ విడివిడిగా చుక్కలు చల్లే 'యాడ్ నాయిస్' ఫిల్టర్ కొట్టు. ప్రతిసారీ చుక్కలు వేరే చోట పడతాయి. ఆ మూడూ ఒకదాని వెనక ఒకటి తిరిగితే అదే తళుకు. ఫ్రేముకి (ఒక్కో బొమ్మకి) 0.1 సెకను, ఆగకుండా తిరిగేలా లూప్ 'ఫరెవర్'. అంతే, బ్రహ్మవిద్యేమీ కాదు.

ఇక నా గుబులు. మీ అమ్మ పేరుతో నేనొకటి చేశాను, నీకు చెప్పి ఉండదు. అప్పటి నా ఫోటోషాప్‌కి తెలుగు యూనికోడ్ రాసే తెలివి లేదు. 'జ్యోత్స్న' అని కొడితే వత్తులు కిందికి దిగకుండా, పొల్లులు తగిలించుకుని వరసగా నిలబడేవి. అందుకని అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంటు పెట్టి ముక్కముక్కగా పేర్చాను. అక్షరానికో కీ, వత్తుకో కీ. రాత్రి రెండయింది. లేయర్లన్నీ ఒక్కటిగా మెర్జ్ చేసి, తళుకు అద్ది, జిఫ్ తీసి, అసలు ఫైలు సేవ్ చేయాలా అని అడిగితే 'నో' కొట్టి పడుకున్నాను. వెధవ నిద్ర!

పొద్దున్నే మీ అమ్మ చూసి "భలే ఉంది అన్నయ్యా" అంది. వారం తర్వాత నా కంటబడింది. త కింద స వత్తు ఉంది, న వత్తు లేదు. నా చెల్లెలు 'జ్యోత్స' అని మెరుస్తోంది.

సరిచేద్దామని ఆ జిఫ్‌నే తెరిచాను. మొదటి ఫ్రేములోనే పేరు నిండుగా ఉంది. మిగతా రెండింట్లో మారిన చుక్కలు మాత్రమే, చల్లిన ఇసుకలా. ఫైలు చిన్నది కావాలని సాఫ్ట్‌వేర్ అలా కోసేస్తుందట. రంగులు 256కి కుదించుకుపోయి బంగారు ఛాయంతా చారలు కట్టింది. అయినా మొండికేసి న వత్తు విడిగా చేసి అతికించాను. పేరంతా ఒక తీరున తళుక్కుమంటుంటే, అదొక్కటీ అరువు తెచ్చిన నగలా వేరేగా మెరిసింది. తీసేశాను. మీ అమ్మ ఆ తప్పుదాన్నే ఏళ్ల తరబడి ఈమెయిల్ అడుగున పెట్టుకుంది. ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. చూసుకుందో లేదో అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

అందుకే చెబుతున్నాను, విసుక్కోకు. రాస్టరైజ్ చేసేముందు అసలు టెక్స్ట్ లేయరు కాపీ ఒకటి, పక్కనున్న కంటి గుర్తు నొక్కి కనబడకుండా చేసి, అడుగున ఉంచు. లేయర్లు విడివిడిగా ఉండే అసలు ఫైలు దాచు, ఫోటోషాప్ అయితే పీఎస్‌డీ, గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే ఎక్స్‌సీఎఫ్. పాత ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో 'టైప్' దగ్గర దక్షిణాసియా లిపుల ఇంజిన్ ఎంచుకో. పేరు ఎలా రాసుకుంటుందో ఆ పిల్లనే అడుగు. బయటపెట్టేముందు ఇంకొకరి చేత పైకి చదివించు, నీ కళ్లని నమ్మకు.

ఇంకొకటి. పేరు మొత్తం టపటపా వెలిగి ఆరేలా చేయకు. సన్నచుక్కల తళుకు వేరు, అది వేరు. సెకనుకి మూడుసార్లు మించి పెద్ద వెలుగు వెలిగి ఆరితే కొందరికి మూర్ఛ రావచ్చు. వెబ్ పేజీలు అందరికీ పనికొచ్చేలా ఉండాలనే యాక్సెసిబిలిటీ నియమాలు పెట్టిన హద్దు కూడా అదే.

అంచుల సంగతి మర్చిపోయాను. జిఫ్ 1987లో పుట్టింది, ఫ్రేముకి ఎంతసేపు ఆగాలో చెప్పే సదుపాయం 1989లో వచ్చింది. నీకంటే పెద్దది, పాతకాలం పట్టింపులు దానివి. పిక్సెల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, సగం పారదర్శకం కుదరదు. కాబట్టి మెత్తటి నీడలు వద్దు. అంచుల్లో కలిసే 'మ్యాట్' రంగు నువ్వు పెట్టబోయే నేపథ్యం రంగే ఇవ్వు, లేకపోతే నలుపు మీద అక్షరాల చుట్టూ తెల్లటి పొట్టు అంటుకున్నట్టుంటుంది.

అయ్యాక నాకు జిఫ్‌తో పాటు పీఎస్‌డీ కూడా పంపు. తప్పులు పట్టడానికి కాదులే. నీ తళుకు లేయర్లు తీసుకుని మీ అమ్మకి మళ్లీ ఒకటి చేద్దామని ఉంది. మెరుపు నీది. పేరు మాత్రం నేనే టైపు చేస్తాను.

మామయ్య