రెండు పోర్టులు, ఒకే అడ్మిన్ పేజీ

ప్రశ్న: మా జావా అప్లికేషన్‌లోనే జెట్టీ అనే వెబ్ సర్వర్ నడుస్తోంది. 8080 పోర్టు కస్టమర్లకు, 9090 మా ఆఫీసుకు. కానీ అడ్మిన్ పేజీ 8080లోనూ తెరుచుకుంటోంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: పోర్టుపై వినే కనెక్టర్‌కూ, పేజీలను అందించే కాంటెక్స్ట్‌కూ మీరు ముడి వేయలేదు. వర్చువల్ హోస్ట్ (ఏ పిలుపులకు పలకాలో చెప్పే పేరు) ఇవ్వని కాంటెక్స్ట్ ఏ పోర్టు నుంచి పిలిచినా పలుకుతుంది. 9090 కనెక్టర్‌కు సెట్‌నేమ్‌తో ‘అడ్మిన్’ అని పేరు పెట్టండి. అడ్మిన్ కాంటెక్స్ట్‌కు సెట్‌వర్చువల్‌హోస్ట్స్‌లో ‘@అడ్మిన్’ ఇవ్వండి. @ గుర్తు ఇక్కడే ఉండాలి, కనెక్టర్ పేరులో కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జెట్టీ 12లో ఈ పేర్లను అర్రేగా కాక లిస్ట్‌గా ఇవ్వాలి.

పని సగమే అయింది. కస్టమర్ కాంటెక్స్ట్‌ను అలాగే వదిలేస్తే అది 9090లోనూ కనిపిస్తుంది. 8080 కనెక్టర్‌కు ‘పబ్లిక్’ అని పేరు పెట్టి, కస్టమర్ కాంటెక్స్ట్‌కు ‘@పబ్లిక్’ ఇవ్వండి.

అన్నట్టు, కనెక్టర్‌లోని సెట్‌హోస్ట్‌కు డొమైన్ పేర్లతో సంబంధం లేదు. ఏ నెట్‌వర్క్ అడ్రస్‌పై వినాలో చెప్పేది అది. అడ్మిన్‌ను సర్వర్ నడిచే మెషిన్‌కే పరిమితం చేయాలంటే 9090 కనెక్టర్ సెట్‌హోస్ట్‌లో 127.0.0.1 (ఆ మెషిన్ సొంత అడ్రస్) ఇవ్వండి. కనెక్టర్ పేర్లకన్నా అదే గట్టి తాళం.

సర్వర్ రీస్టార్ట్ చేశాక 8080లో అడ్మిన్ అడ్రస్ కొట్టి చూడండి, 404 (పేజీ దొరకలేదు) రావాలి.