పొదుపు ఖాతాలో వేస్తే ₹826 కోత

ప్రశ్న: కొబ్బరి దింపు డబ్బు చేతికి రావడం ఆలస్యమైంది. అమ్మాయి పేరున కట్టే రికరింగ్ డిపాజిట్ వాయిదా తప్పకూడదని, క్రెడిట్ కార్డుతో యాప్ వాలెట్‌లో ₹20,000 వేసి అక్కడి నుంచి నా పొదుపు ఖాతాకు మళ్లించాను. కార్డు బిల్లులో ₹826 అదనంగా పడింది. వెనక్కి రాబట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అంబాజీపేట

రాదండీ. మీరు పంపిన బిల్లులోనే లెక్క ఉంది. వాలెట్ నింపినందుకు యాప్ ₹500, నింపనిచ్చినందుకు కార్డు ఇచ్చిన బ్యాంకు ₹200, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ ₹126. ఇదే పోస్టాఫీసు ఆర్‌డీ అయితే వాయిదా తప్పినందుకు నూటికి రూపాయి, అంటే ₹200తో సరిపోయేది.

రాజోలు నుంచీ, భీమవరం నుంచీ ఇదే గోడు. యూపీఐలో మన ఖాతా నుంచి పంపితే పైసా ఖర్చు లేదు కాబట్టి, ఫోనులో ఏ మీట నొక్కినా ఉచితమేననుకుంటున్నారు. కార్డులో ఉన్నది మన డబ్బు కాదు, అప్పు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపినా దుకాణాల్లో చెల్లించడానికే గాని మనుషులకు పంపడానికి కుదరదు. అందుకే ఈ వాలెట్ దొడ్డిదారి. కొన్ని కార్డులు దీన్ని కార్డుతో నగదు తీసుకున్నట్టే లెక్కగడతాయి. అప్పుడు వడ్డీ ఆ రోజు నుంచే.

తప్పంతా మీదేనని కూడా అనను. ఇలాంటి యాప్‌లో ‘కొనసాగించు’ మీట బొటనవేలంత ఉంటుంది. రుసుము మాత్రం దాని కింద బూడిదరంగులో, కళ్లజోడు పెట్టుకున్నా ఆనదు. తెలుగు ఎంచుకున్నా ఆ ఒక్క వరుస ఇంగ్లిషులోనే మిగులుతుంది. పండగ ఆఫర్లను తెర నిండా తెలుగులో చూపేవారికి ఇది చేతకాక కాదు.

నాకు అసలు భయం ఈ ₹826 గురించి కాదు, దాన్ని రాబట్టాలని మీరు చేయబోయే పని గురించి. యాప్ పేరు కొట్టి ‘కస్టమర్ కేర్’ అని వెతికితే పైన కనిపించే నంబరు మోసగాడిది కావచ్చు. ఎత్తినవాడు చక్కటి తెలుగులో ‘రీఫండ్ వస్తుంది సార్’ అంటాడు, ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేది) పంపుతాడు లేదా తెర పంచుకునే యాప్ వేయమంటాడు. ఇక మీకొచ్చే ఓటీపీలు వాడూ చదువుతాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నాడంటే దొంగే. పిన్ అవసరం డబ్బు పంపడానికి, రావడానికి కాదు. నంబరు కావాలంటే కార్డు వెనక చూడండి. బ్యాంకు వెబ్‌సైటైతే చిరునామా చివర ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోండి.

ఇప్పటికే ఎవరికైనా ఓటీపీ చెప్పి ఉంటే, ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మన అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు చెప్పేదాకా మన నెత్తినే. చెప్పాక పోయింది బ్యాంకుది. ఇంట్లో అందరినీ అడిగి సలహా తీసుకుని రేపు బ్రాంచికి వెళ్దామనుకోకండి.