డీమ్యాట్ ఖాతా తెరవబోతున్న మా తమ్ముని బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, నల్లగొండ నుంచి పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

జడ్చర్లలో ఉద్యోగం చేస్తూ మిగిల్చిన జీతాన్ని ఇకమీద నీవే స్వయంగా షేర్లలో పెట్టాలనుకుంటున్నావని, అందుకోసం ఫోన్‌లోనే ఏదో బ్రోకరేజీ యాప్‌లో డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లను కాగితాలు లేకుండా లెక్కగా ఉంచే ఖాతా, తెరవబోతున్నావని మీ అమ్మ చెప్పింది. వినగానే సంతోషం కలిగింది. మన ఇంటి ఆడపిల్లల సంపాదన బంగారంగానో చిట్టీలుగానో మారి, చివరికి మరొకరి అవసరానికి ఖర్చయిపోవడమే నేను ఇంతవరకు చూశాను. ఆ రాత్రి మాత్రం నిద్ర సరిగా పట్టలేదు. ఏ కంపెనీ షేర్లు కొంటావని నేను అడగను. ఆ విషయంలో నాకంటే నీకే తెలివి ఎక్కువ. వాటిని ఏ బ్రోకరు ద్వారా కొంటావన్నదే నా దిగులు. రెవెన్యూ కచేరీలో సంతకాల మధ్య, నకళ్ల మధ్య ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి కాబట్టి నా భయాలన్నీ కాగితాల చుట్టూనే తిరుగుతాయి. నవ్వుకున్నా సరే, చివరిదాకా చదువు.

మొదటి పని చిన్నది. యాప్ పేరు ఒకటి, దాని వెనుక కంపెనీ పేరు మరొకటి ఉంటాయి. ఆ కంపెనీ అసలు పేరు పట్టుకొని, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ వెబ్‌సైట్‌లో బ్రోకర్ల జాబితా చూడు. ఐఎన్‌జెడ్ అనే అక్షరాలతో మొదలయ్యే నమోదు సంఖ్య అక్కడా యాప్‌లోనూ ఒకటే కావాలి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచి ఏ యాప్‌నూ దించుకోకు, అది నీతో పనిచేసే స్నేహితురాలు పంపినదైనా సరే. డబ్బు యూపీఐ ద్వారా పంపేటప్పుడు, 2025 అక్టోబరు నుంచి సెబీ నమోదిత సంస్థలకు ఇచ్చిన ‘వ్యాలిడ్’ అనే మాట ఉన్న ఐడీకే పంపు. ఎవరో వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకు పంపమంటే అది మోసమని తెలుసుకో.

ఇక నీవు కొన్న షేర్లు ఎక్కడుంటాయన్నది అసలు విషయం. మా కాలంలో అవి కాగితాలుగా ఇంట్లో ఉండేవి. కొన్న షేర్లు పేరు మార్చడానికి బదిలీ పత్రం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్లం. అమ్మినవాడి సంతకం పాత సంతకంతో కలవలేదని అవి నెలల తరువాత తిరిగి వచ్చేవి. ఆ లోపల డివిడెండు ఎవరికి పోయిందో అడిగే దిక్కు ఉండేది కాదు. 1996లో ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలు, అంటే అందరి షేర్ల లెక్కనూ కంప్యూటర్లలో భద్రపరిచే సంస్థలు, వచ్చిన తరువాతనే ఆ బాధ తీరింది. బ్రోకరు యాప్‌లో కనిపించే షేర్ల పట్టిక బ్రోకరు చెప్పే మాట మాత్రమే. నీ పేరున నిజంగా ఏమున్నదో డిపాజిటరీ లెక్కలో ఉంటుంది. భూమి ఎవరిదో కౌలుదారును అడిగి నమ్మకుండా పహాణీ తీయించి చూస్తాం కదా, ఇదీ అంతే. అందువల్ల ఏ బ్రోకరు మంచివాడని అడిగినప్పుడు నేను మొదట చూసేది, అతనితో నిమిత్తం లేకుండా నా లెక్క నేను చూసుకోగలనా, అతను దుకాణం మూసేసినా నా వస్తువు నాకు దక్కుతుందా అన్నదే.

మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు రాసిన నా స్నేహితుడు నీకు గుర్తుండే ఉంటాడు; చిన్నప్పుడు నీచేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. మిల్లు చిట్టా రోజూ పైసలతో సహా కలిసేదాకా ఇంటికి పోని మనిషి. బిడ్డ పెండ్లి కోసమని ఏటా కొన్ని షేర్లు కొని పెట్టుకున్నాడు. ఖాతా తెరిచిన రోజున, బ్రోకరు తరఫున ఊళ్లో పనిచేసే సబ్‌బ్రోకరు ఆఫీసులో కుర్రవాడు వేళ్లు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. అందులో తన తరఫున షేర్లు అమ్మేందుకు, కుదువ పెట్టేందుకు అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఉంది. తనకు ఈమెయిల్ లేదంటే, ఆ కుర్రవాడే ఒకటి సృష్టించి ఫారంలో రాశాడు. ఫోన్ నంబరు గడిలో ఆఫీసు నంబరు వేశాడు. తప్పంతా ఆ రెండు గడుల్లోనే జరిగిపోయింది. ఆనాటి నుంచి అతని ఖాతాలో జరిగిన ప్రతి అమ్మకానికీ కొనుగోలుకీ, ఆ బేరం వివరాలు తెలిపే కాంట్రాక్టు నోటు సక్రమంగానే వెళ్లింది, కానీ అతను ఒక్కసారి కూడా తెరవని మెయిల్‌కు.

అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్లు కంప్యూటరు నుంచి ఒక కాగితం తీసి ఇచ్చేవారు, అందులో షేర్లన్నీ భద్రంగా కనిపించేవి. డిపాజిటరీ నుంచి ఇంటికి పోస్టులో వచ్చే కవర్లను మాత్రం, లెక్క ఆఫీసువాళ్లు ఇస్తూనే ఉన్నారు కదా అని, విప్పకుండా రేషన్ కార్డు పెట్టిన పెట్టెలో పడేసేవాడు. పెండ్లి కుదిరి, అమ్ముదామని పోతే సర్వరు పనిచేయడం లేదన్నారు. మరుసటి వారం రమ్మన్నారు. ఆ తరువాత ఆ కుర్రవాడే కనిపించలేదు. అప్పుడు ఆ కవర్లన్నీ సంచిలో వేసుకొని నా దగ్గరికి వచ్చాడు. ఇద్దరం వరండాలో కూర్చొని తేదీల వరుసన విప్పాం. మొదటి కవరులో అన్ని కంపెనీలూ ఉన్నాయి. కొన్ని నెలల తరువాతి దాంట్లో రెండు లేవు. ఆ తరువాత ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చి, ఆఖరి దాంట్లో మిగిలినవాటికి ఎదురుగా సున్నాలు ఉన్నాయి. అతని షేర్లు అమ్మి, ఆ డబ్బుతో రోజువారీ బేరాలు చేసి, కమీషను రాబట్టుకున్నారు. ఏ షేరు ఏ నెలలో పోయిందో చెప్పే సాక్ష్యం అతని ఇంట్లోనే, అతని పెట్టెలోనే ఉంది.

ఫిర్యాదు చేస్తే, నీవు ఇచ్చిన మెయిల్‌కే కాంట్రాక్టు నోట్లు వచ్చాయి కదా, ఇన్నాళ్లు ఎందుకు అభ్యంతరం చెప్పలేదని అడిగారు. దానికి అతని దగ్గర జవాబు లేదు. మధ్యవర్తిత్వంలో కొంత తిరిగి వచ్చింది, ఎక్కువ భాగం రాలేదు. పెండ్లికి పొలం కొంత అమ్మవలసి వచ్చింది. లోకమంతటి లెక్కలు సరిచూసినవాడు తన కవరు విప్పలేదన్న కోపం నాకు ఆనాడు ఎంత వచ్చిందో, అతని ముఖం చూసి ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఆ కోపమే ఇప్పుడు నీ మీద చూపిస్తున్నానేమో. మొన్న బోనాలకు వచ్చినప్పుడు నీ ఫోన్‌లో చదవని మెయిళ్లు ఎన్ని ఉన్నాయో చూశాను, బిడ్డా! ఆ అలవాటుతో ఈ పనిలోకి దిగవద్దు. డిపాజిటరీ పంపే, నీ పెట్టుబడులన్నిటినీ ఒకేచోట చూపే ఖాతా వివరణను వచ్చిన రోజునే విప్పి, యాప్‌లోని పట్టికతో ఒక్కొక్క వరుసా కలిపి చూడు.

ఆ తరువాత నియమాలు బాగా గట్టిపడ్డాయి. 2019 నవంబరులో హైదరాబాదుకు చెందిన ఒక పెద్ద బ్రోకరేజీ సంస్థ ఖాతాదారుల షేర్లను తన అప్పుల కోసం కుదువ పెట్టిందని సెబీ ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడాది నుంచి, మార్జిను కోసం, అంటే బేరాలకు హామీగా, పెట్టిన షేర్లు కూడా ఖాతాదారు డీమ్యాట్‌లోనే ఉండి, అతను ఓటీపీతో ఒప్పుకుంటేనే తాకట్టు పడే పద్ధతి వచ్చింది. పవర్ ఆఫ్ అటార్నీకి బదులు 2022 నుంచి డీడీపీఐ అనే పరిమితమైన అధికారపత్రం ఉంది. అదీ తప్పనిసరి కాదు. ఖాతా తెరిచేటప్పుడు దాన్ని ఇవ్వకుంటే పని జరగదన్నట్టు తెర చూపిస్తే, ఆ బ్రోకరుకు అక్కడే ఒక మార్కు తగ్గించు. అది లేకుండా అమ్మిన ప్రతిసారీ పిన్ను, ఓటీపీ కొట్టవలసి వస్తుంది. విసుగు అనిపించినా, ఏడాదికి నాలుగుసార్లు అమ్మే నీవంటి వారికి ఆ విసుగే కాపలా.

ఖర్చు సంగతి. బ్రోకరేజీ సున్నా అని పెద్ద అక్షరాలతో రాసినా తక్కిన ఖర్చులు పోవు. లక్ష రూపాయల షేర్లు కొని ఉంచుకుంటే ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 100 రూపాయలు, స్టాంపు రుసుము 15 రూపాయలు; అమ్మేటప్పుడు మళ్లీ ఎస్‌టీటీ. ఇవి ఎవరి దగ్గరైనా ఒకటే కాబట్టి పోల్చవలసినవి వేరు. ఆర్డరుకు 20 రూపాయలు తీసుకునేచోట నెలకు 2,000 రూపాయల షేర్లు కొంటే, 18 శాతం జీఎస్‌టీతో కలిపి 23.60 రూపాయలు, అంటే ఒక శాతానికి పైగా కొన్ననాడే పోతుంది. అమ్మిన రోజున, షేర్లు నీ డీమ్యాట్ నుంచి బయటికి పోయినందుకు ఒక్కొక్క కంపెనీకి ఇంత అని డీపీ చార్జీ వేస్తారు. ఏడాది నిర్వహణ రుసుము మాత్రం, నీకు ఒకే డీమ్యాట్ ఖాతా ఉండి దాన్ని బేసిక్ ఖాతాగా తెరిస్తే, 4 లక్షల విలువ వరకు ఉండదు. ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పకపోతే నీవే అడుగు.

చవక ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆలోచించాలి. షేర్లు కొని ఊరుకునేవారి మీద ఏమీ రాకపోతే, మాటిమాటికీ బేరమాడేవారి నుంచి రాబట్టుకోవాలి. అందుకే కొన్ని యాప్‌లు నిన్ను ఆ వైపు నెడతాయి. షేర్ల రేపటి ధరల మీద పందెంలా బేరమాడే ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగం తెరవమని గుర్తుచేయడం, కొనేచోట అప్పుతో కొనే మార్జిను పద్ధతిని ముందే ఎంచి ఉంచడం, ఏ షేరు పరుగెత్తుతోందో గంట కొట్టి చెప్పడం ఆ నెట్టుడులో భాగాలు. సెబీ 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాలలో ఆ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైమాటే. ఆ విభాగాన్ని మూసి ఉంచడానికి, గంటలు ఆపడానికి యాప్ ఒప్పుకోవాలి. ఆ ఏర్పాటు వెతకడానికే అరగంట పడితే ఆ యాప్ నీకోసం చేసినది కాదు.

షేర్ల బేరాలు జరిగే ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఒక్కొక్క బ్రోకరు మీద వచ్చిన ఫిర్యాదుల లెక్క ఉంటుంది. ఉత్త సంఖ్య చూసి భయపడకు. పెద్ద బ్రోకరుకు ఎక్కువే ఉంటాయి, ఖాతాదారుల సంఖ్యతో భాగించి చూడు. మార్కెట్ బాగా కదిలిన రోజున ఉదయం 9:15కు యాప్ తెరుచుకోకపోతే ఫోన్ చేసి ఆర్డరు చెప్పే నంబరు ఉన్నదా, మనిషి ఎత్తుతున్నాడా అన్నది ముందే ఒకసారి పరీక్షించు. గొడవ వస్తే మొదట బ్రోకరుకే రాతపూర్వకంగా రాయి, ఆ తరువాత సెబీ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన స్కోర్స్‌లో రాయి. ఫోన్‌లో ఇచ్చే హామీ ఎందుకూ పనికిరాదు.

ఇద్దరు బ్రోకర్లను ఎంచుకున్న తరువాత కూడా తేల్చుకోలేకపోతే, ఖాతా మూసే పద్ధతి ఇద్దరిదీ చదువు. తెరవడం పది నిమిషాల్లో, మూయడం ఫారం అచ్చు వేసి కొరియర్‌లో పంపితే తప్ప కాకపోవడం ఉన్నచోట నీవు ఉండవద్దు. షేర్లన్నిటినీ నీ పేరునే ఉన్న వేరే డీమ్యాట్‌కు మార్చుకొని ఖాతా మూస్తే, ఆ బదిలీకి చార్జీ వేయకూడదన్న నియమం ఉందని గుర్తుంచుకో.

ఏ బ్రోకరునైనా మొదట ఒక్క షేరుతో చూడు. కొను, డిపాజిటరీ సైట్‌లో అది నీ పేరున పడిందో లేదో చూసుకో, అమ్ము, డబ్బు బ్యాంకుకు రప్పించు. ఇప్పుడు బేరం మరుసటి పనిదినానికే తెగుతుంది కాబట్టి వారం లోపల అంతా తెలిసిపోతుంది. వాడని డబ్బును బ్రోకరు దగ్గర ఉంచకు. మిగిలినదాన్ని నెలకోసారో మూడు నెలలకోసారో వాళ్లే తిరిగి పంపాలన్న నియమం ఉంది, నెలకోసారి అన్నదాన్నే ఎంచుకో.

ఖాతా తెరిచిన తరువాత క్లయింట్ మాస్టర్ రిపోర్ట్ అనే ఒక పేజీ కాగితం ఇస్తారు. దాన్ని నాకు పంపించు. ఫోన్ నంబరు, మెయిల్, బ్యాంకు ఖాతా, నామినీ అనే నాలుగు గడులు నేను ఒకసారి నా కళ్లద్దాలతో చూస్తాను. నామినీగా మీ అమ్మ పేరు పెట్టు. మీ నాయన అలిగితే నేను సర్దిచెబుతాను. ఆ కాగితం నేను చూసి ఫోన్ చేసేదాకా ఖాతాలోకి పెద్ద మొత్తమేదీ పంపవద్దు.

ఇట్లు,
నీ పెద్దనాయన