ఆడవాళ్ళ నిద్ర పల్చన, మగవాళ్ళ నిద్ర గాఢం: ఇది పుట్టుకతో వచ్చేదేనా?

రాత్రి పిల్ల ఏడిస్తే తల్లికే మెలకువ వస్తుంది, తండ్రికి రాదు, ఇది సహజమైన తేడాయేనా అని అడిగారు. కాదు. నాలుగేళ్ళు నేనూ సహజమనే నమ్మాను, నమ్మితే లాభం నాకే కాబట్టి.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. 2024 జనవరిలో నా ఉద్యోగం పోయింది. మా ఆవిడ ఉద్యోగం ఉంది. ఇల్లు, నాలుగేళ్ళ పాప నా చేతికొచ్చాయి. ఫిబ్రవరి దాటేసరికి నీళ్ళ కరువు. బోరు ఎండిపోతే మా ఓనరు ట్యాంకర్ తెప్పించి సంపులో పోయించి, తెల్లవారుజామున అయిదింటికి మోటారు వేసి అరగంట నీళ్ళు వదిలేవాడు. పట్టుకున్నవాడికి పట్టుకున్నంత. (12,000 లీటర్ల ట్యాంకర్‌కి అయిదు కిలోమీటర్లలోపు 1,000 రూపాయలని మార్చిలో అధికారులు రేటు కట్టారు. ఆ రేటుకి మా వీధిలోకి వచ్చిన మహానుభావుణ్ణి నేను చూడలేదు. సరే, అది వేరే ఏడుపు.)

మొదటి రోజు నిద్రపోయాను. క్యాను నీళ్ళతో పాపకి స్నానం చేయించాల్సి వచ్చింది. మర్నాటి నుంచి కొళాయి తిప్పే ఉంచి, కింద స్టీలు బిందె బోర్లించి పడుకునేవాణ్ణి. నీళ్ళకంటే ముందు గాలి గుర్రుమంటుంది, తర్వాత బిందె మీద టపటప. వారం తిరిగేసరికి బిందె కూడా అక్కర్లేదు. కింద మోటారు స్విచ్ వేస్తే మూడో అంతస్తులో నా కళ్ళు తెరుచుకునేవి. హాస్టల్లో నన్ను మంచంతో సహా ఎత్తి వరండాలో పెట్టినా లేవని చరిత్ర నాది.

చెవులు అక్కడితో ఆగలేదు. ఏప్రిల్లో పాపకి దగ్గు పట్టుకుంది. ఒంటిగంటకి లేచి గోరువెచ్చటి నీళ్ళు తాగించి, వీపు నిమిరి పడుకోబెట్టాను. పక్కనే మా ఆవిడ కదల్లేదు. పొద్దున కాఫీ తాగుతూ అంది: "రాత్రి పాప దగ్గిందా? నాకు తెలీనే లేదే!" నాలుగేళ్ళుగా నేను చెప్పిన మాట, అక్షరం పొల్లుపోకుండా.

పనులు వేరు కాబట్టే ఆడా మగా తీరు వేరవుతుంది, దాన్ని చూసి మనం పుట్టుక అనుకుంటాం అని ఆలిస్ ఈగ్లీ అనే అమెరికన్ సైకాలజిస్టు 1987లోనే వాదించారు. 2019లో మన ప్రభుత్వం చేసిన టైం యూజ్ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్ళు పెట్టేది రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97. అదీ చెయ్యి పెట్టినవాళ్ళ సగటే. అసలు చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి 26 మంది. రోజుకి అయిదు గంటలు దాంట్లోనే ఉన్న మనిషి చెవి వేరేగా పనిచెయ్యదా? హార్మోన్లనేవాళ్ళు ఒక్క నెల మా ఇంట్లో నీళ్ళు పట్టి చూడండి.

ఇంకో మంట. ఇంట్లో ఉండేది నేనని స్కూల్లో రెండుసార్లు రాసిచ్చినా, పాపకి ఒళ్ళు వెచ్చబడితే ఫోను ఆఫీసులో ఉన్న మా ఆవిడకే. మదనపల్లె నుంచి మా అమ్మ "నా కొడుకు నీళ్ళు మోస్తున్నాడే" అని కళ్ళు తుడుచుకుంది. ఎదురింటి ఆంటీ నన్ను చూపించి వాళ్ళాయన్ని దెప్పేది. ఇదే చాకిరీ మా ఆవిడ నాలుగేళ్ళు చేసినప్పుడు ఎవరికీ కళ్ళు తడవలేదు.

జులైలో ఉద్యోగం దొరికింది. వానలు పడ్డాయి, కొళాయిలో నీళ్ళు రోజంతా వస్తున్నాయి. దసరాకి ముందు ఒక రోజు పొద్దున లేచేసరికి దగ్గు సిరప్పు సీసా, స్పూనుతో సహా, నా దిండు పక్కన పెట్టి ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు.